స్క్రూలు అక్కర్లేని రైఫిల్

బో, వెస్టెరోలెన్ దీవులు
అక్టోబరు 1966

అస్లాక్ అన్నయ్యా,

నీ చెల్లెలు సున్నివ రాయి లాగే ఉంది. మంచం పట్టింది నా రైఫిల్. నిన్ననే దాన్ని తీరం ఓడలో ఎక్కించాను. పెట్టెలో ఖాళీ ఎందుకు వదలాలని యెంతోఫ్ రైఫిల్ చుట్టూ ఎండు కాడ్ చేపలు కుక్కాడు. "మీ అన్నకి వైద్యం ఫీజు ముందే ముట్టినట్టుంటది" అన్నాడు. నా మొగుడి సంగతి నీకు తెలిసిందే. చేప పెట్టందే అతనికి ఏ పెట్టె అయినా ఖాళీగానే కనబడుతుంది. రైఫిల్ నీచు కంపు కొడితే నన్ను తిట్టకు.

రోగం ఇదీ. తూటా పోయే పాత గొట్టం తీసేసి బరువు గొట్టం వేయించుకున్నప్పటి నుంచి పొడి రోజున నేను చూసిన చోటే దెబ్బ పడుతోంది. ముసురు పట్టిందా, దెబ్బలు నిచ్చెన ఎక్కుతాయి. మొదటిది గురి కాగితంలో నల్లటి గుండ్రం నడుమ పడితే చివరిది దాని నెత్తి మీద పడుతుంది. మా దీవిలో పొడి రోజులు ఏపాటివో నేను చెప్పాలా? వచ్చే జూన్‌లో ఉత్తరాది జట్టు ఎంపిక ఉంది. ఈసారి పోతే మళ్లీ నాకు ఆ వయసు రాదు.

ఇంకో మాట. ఆగస్టు జాతీయ పోటీల్లో మీ లోయ వాళ్ల గుడారం దగ్గరికి రెండుసార్లు వచ్చాను. నువ్వు లేవు. కొట్టు గున్‌లైక్‌ను అడిగితే "మీ అన్నకి ఏదో పని తగిలిందిలే సున్నివా" అని కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పాడు. యుద్ధంలో జర్మన్లు రైఫిళ్లన్నీ పట్టుకుపోయిన ఏళ్లలో తప్ప నువ్వు ఆ పోటీలు మానడం నేను ఎరగను. గురి మైదానం వదిలేసి ఇంట్లో కూర్చుని నువ్వేం చేస్తున్నావు? నాకు బెంగగా ఉంది, దాచడం ఎందుకు.

రైఫిల్ సంగతి, నీ సంగతి రెండూ రాయి. గోధుమ రంగు మేకజున్ను ఉంటే పంపు. ఇక్కడ దొరికేది సబ్బులా ఉంటుంది.

నీ సున్నివ

*

రౌలాన్, తెలెమార్క్
నవంబరు

సున్నీ,

రైఫిల్ చేరింది. చేపలూ చేరాయి. ఏది ఏదో వాసన బట్టి చెప్పడం కష్టంగా ఉంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరూ తమ గురి తప్పితే రైఫిల్‌ను అంటారు. ఈసారి మాత్రం మద్దెల నిజంగానే ఓడు. క్రాగ్ రైఫిల్ యాక్షన్ చూశావా, తూటా కూర్చునే ఆ ఉక్కు పెట్టె? కుడి పక్క తూటాలు వేసే తలుపు ఉంది కాబట్టి నాలుగు గోడల ఇంటికి ఒక గోడ లేనట్టే. ఆ ఇంటి ముందు నువ్వు రెండింతల బరువు గొట్టం వేలాడదీశావు. కాల్చిన ప్రతిసారీ ఇల్లు ఒళ్లు విరుచుకుంటుంది. దానికి తోడు మీ వానకు కింద కొయ్య ఉబ్బి ఒక పక్క నుంచి ఎగదోస్తోంది. యాక్షన్‌ను బిగువు చెయ్యాలి, కొయ్యలో దాని కింద కదలని పరుపు వెయ్యాలి.

తీరిక చూసుకుని చేస్తాను. జున్ను పంపాను.

అస్లాక్

*

బో
డిసెంబరు

అన్నయ్యా,

జున్ను వచ్చింది, సగం అయిపోయింది కూడా. కానీ ఆ ఉత్తరం ఏమిటి? టైపు కొట్టి పంపావు! కవరు చూసి పన్ను కార్యాలయం వాళ్లేమో అని యెంతోఫ్ దాన్ని రెండు రోజులు గడియారం వెనక దాచాడు. నీ గుండ్రటి అక్షరాలు చూస్తే మన ఊరు చూసినట్టుండేది. ఈ కొత్త దర్జా నీకెందుకు?

మైదానానికి ఎందుకు పోవడం లేదో అడిగాను. దానికి జవాబు లేదు. గోడ లేని ఇంటి గురించి చక్కగా చెప్పావు, నీ ఇంటి గురించి ఒక్క ముక్క లేదు.

నాకు నీ బల్ల గుర్తొస్తోంది. దీపపు మసి యాక్షన్‌కు పూసి, దాన్ని కొయ్యలో పెట్టి తీసి, నల్లగా అంటిన చోటల్లా ఉలితో పొరలు పొరలుగా గీకేవాడివి. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. నేను దీపం పట్టుకుని నిద్రపోతే ముక్కుకు మసి పూసేవాడివి. నా రైఫిల్‌కీ అలాగే చేస్తావు కదా? తొందరేం లేదు, కానీ జూన్ ఆగదు.

పండక్కి నువ్వొక్కడివే తినకు. గున్‌లైక్ వాళ్లింటికి వెళ్లు. వెళ్లానని రాయి.

సున్నివ

*

రౌలాన్
జనవరి 1967

సున్నీ,

రైఫిల్ తిరిగి పంపుతున్నాను. దాన్ని నేను ముట్టుకోలేదు. పెట్టెలో రెండు ట్యూబుల జిగురు, ఒక ఉక్కు పట్టీ, నా చిన్న ఉలి ఉన్నాయి. పని నువ్వే చెయ్యి. కష్టమేమీ కాదు.

కొయ్య లోపల యాక్షన్ కూర్చునే చోట పిడికెడు లోతు వద్దు, వేలిగోరు లోతు చాలు, తవ్వు. నడుమ కాలువ తీసి పట్టీ పరుచు. రెండు ట్యూబులూ సమంగా కలిపి పట్టీ మీద, చుట్టూ పొయ్యి. యాక్షన్‌ను అందులోకి దించి మెల్లగా నొక్కు. గొట్టం మొదట్లో జానెడు మేర కూడా ఈ పరుపు మీదే ఆనాలి, అప్పుడే బరువంతా ఆ బలహీనమైన పెట్టె మీద పడదు. అక్కణ్నుంచి మూతి దాకా గొట్టం కొయ్యను తాకకూడదు. సందులో పోస్టుకార్డు దూరాలి.

ముఖ్యమైనది: జిగురు పోసే ముందే ఉక్కుకంతా మైనం పట్టించు. మంచు మీద జారే స్కీలకు రాసే గట్టి మైనం, నీలం డబ్బాది. మైనం లేని చోట జిగురు ఉక్కును పట్టుకుందంటే ఇక వదలదు. జిగురు చలికి గట్టిపడదు, వంటింట్లో వెచ్చగా ఉంచు. గట్టిపడ్డాక స్క్రూలు విప్పి యాక్షన్ బయటికి తీసి అంచులు సరిచెయ్యి.

పండక్కి ఇంట్లోనే ఉన్నాను. బాగానే తిన్నాను.

అస్లాక్

*

బో
జనవరి

అన్నయ్యా,

పెట్టె తెరిచి చూశాను.

జిగురా? నువ్వా? ఆ జిగురు కొత్తగా వచ్చినప్పుడు "కట్టుడు పళ్లు అతికించుకునే బంక" అని క్లబ్బులో అందరి ముందూ ఎగతాళి చేసింది ఎవరు? జిగురుతో పరుపు వేయించుకున్నాడని గున్‌లైక్‌ను ఏడాది పాటు "పళ్లసెట్టు" అని పిలిచింది ఎవరు? నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అలాంటిది ఇప్పుడు నీ అంతట నువ్వే నాలుగో కాలు చూపిస్తున్నావు.

పైగా నీ ఉలి పంపావు. ఆ ఉలిని నేను ముట్టుకుంటే అరిచేవాడివి.

ఏదో అయింది. అదేమిటో చెప్పే దాకా ట్యూబు మూత తియ్యను. జట్టు ఎంపిక నా చేతులారా పోగొట్టుకుంటాను. నేను అన్నంత పనీ చేస్తానని నీకు తెలుసు.

సున్నివ

*

రౌలాన్
ఫిబ్రవరి

సున్నీ,

నా చేతులు వణుకుతున్నాయి.

మొదట కుడిచెయ్యి, ఇప్పుడు రెండూ. ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎక్కువ. పట్నంలో డాక్టరు దానికో పేరు చెప్పాడు. ప్రాణానికేం కాదట, తగ్గదట కూడా. "ఈ వయసులో కొందరికి వస్తుందయ్యా, చేతిపని తగ్గించుకో" అన్నాడు. నాకు చేతిపని తప్ప వేరే పని ఏముందో ఆయన అడగలేదు.

నీకు తెలుసు కదా, మా దగ్గర పోటీకి బయల్దేరే ముందు క్లబ్బు రైఫిళ్లన్నీ నా బల్ల మీదికి వస్తాయి. యాక్షన్‌ను కొయ్యకు పట్టి ఉంచే రెండు స్క్రూలనూ నేను ఒకసారి బిగించి ఇవ్వాలి. ముందుది గట్టిగా, వెనకది దానికన్నా ఒక వెంట్రుక వదులుగా. ఎంత వదులో మాటల్లో చెప్పలేను, అది వేళ్లకు తెలిసేది. కిందటి ఎండాకాలం గున్‌లైక్ రైఫిల్ తీసుకున్నాను. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ తలలోని గాడిలో పడలేదు. మళ్లీ పెట్టాను. జారి ఉక్కు మీద గీత పడింది. అందరూ నిలబడి ఉన్నారు. గున్‌లైక్ నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకుని, "ఇయాళ వెలుతురు సరిగ్గా లేదు లే అస్లాక్" అన్నాడు. నడిమధ్యాహ్నం, నెత్తి మీద ఎండ. మిగతా వాళ్లు కూడా అవునవును, వెలుతురు లేదు అన్నారు.

వాళ్లు నవ్వి ఉంటే బాగుండేది. ఆ మర్యాదే నేను తట్టుకోలేకపోయాను. ఆ రోజు నుంచి మైదానానికి పోలేదు. నా రైఫిల్ స్క్రూలు నేనే బిగించుకోలేనప్పుడు ఎవరి చేతికో ఇచ్చి బిగించమని, పోటీలో బోర్లా పడుకుని కాల్చడం నా వల్ల కాదు. నన్ను మార్చాలని చూడకు.

మూసేసిన రంపపు మిల్లులో ఈ టైపు యంత్రం దొరికింది. ఒక్కో మీట వెతికి కొడుతున్నాను. చేతిరాత నువ్వు చూడకూడదనే.

మసి పూసి గీకే పని ఇక నాకు రాదు. నీకు వస్తుంది, చేతులు మంచివి. జాలిపడుతూ ఉత్తరం రాశావంటే చదవకుండా పొయ్యిలో వేస్తాను. పని చెయ్యి.

అస్లాక్

*

బో
మార్చి

అన్నయ్యా,

జాలిపడే తీరిక నాకెక్కడిది? ఇంతకన్నా పెద్ద ఘోరం చేసి కూర్చున్నాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చిన మాట నిజమే. కానీ అది జాలి కాదు, కోపం. గున్‌లైక్ మీద, ఆ ఎండ మీద, ఇన్ని నెలలు టైపు కొడుతూ కూర్చున్న నీ మీద. కళ్లు తుడుచుకుని ఆ వేడిలోనే పని మొదలుపెట్టాను. అదే తప్పయింది.

తవ్వడం బాగా వచ్చింది. నీ ఉలి వెన్నలో దిగినట్టు దిగింది. పట్టీ సరిగ్గా కూర్చుంది. తర్వాత మైనం. నీలం డబ్బా అన్నావు. అన్నయ్యా, నీలం డబ్బా మా దీవిలో ఎవడింట్లో ఉంటుంది? అది మీ లోయలో పడే పొడి మంచుకు. ఇక్కడ పడేదంతా తడి మంచు, ఇంటింటా ఉండేది ఎర్ర డబ్బా మెత్తటి మైనమే. మైనం మైనమే కదా అనుకుని దాన్నే దండిగా పట్టించాను. జిగురు పోశాను, యాక్షన్ దించాను. నువ్వు వెచ్చగా ఉంచమన్నావు కదా, రొట్టె పిండి పొంగడానికి పెట్టినట్టు పొయ్యి వెనక పెట్టి, పైన ఉన్ని దుప్పటి కూడా కప్పాను.

పొద్దున చూస్తే నేల మీద ఎర్రటి మడుగు. మైనమంతా కరిగి కారిపోయింది.

స్క్రూలు రెండూ సుఖంగానే వచ్చాయి. యాక్షన్ రాలేదు. లాగాను. యెంతోఫ్ మోకాలు అడ్డం పెట్టి లాగాడు. చెక్క సుత్తి తెచ్చి తట్టాడు. వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. చివరికి సుత్తి కింద పెట్టి, "ఉక్కూ కొయ్యా పెళ్లాడేసినట్టున్నాయే సున్నివా! ఇక ఇడదీయటానికి మనమెవరం?" అన్నాడు. వాడి పీక నొక్కాలనిపించింది.

జూన్ మూడు నెలల్లో ఉంది. నా రైఫిల్ ఇప్పుడు ఒకే ముద్ద. ఏం చెయ్యమంటావో త్వరగా రాయి. టైపు కొట్టే వేళ్లను తొందర పెట్టు.

సున్నివ

*

రౌలాన్
మార్చి

సున్నీ,

తప్పులుంటే క్షమించు, నవ్వుతూ కొడుతున్నాను. ఎర్ర మైనం! పొయ్యి వెనక! పైన దుప్పటి! నేను ఇంతగా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. పక్కింటి కుక్క కిటికీ దగ్గరికి వచ్చి చూసిపోయింది.

సుత్తి పక్కన పడెయ్యండి. నిప్పు సెగ పెడితే జిగురు వదులుతుంది, కానీ కొయ్య మాడిపోతుంది. ఇప్పుడు దాన్ని విడదియ్యాలంటే ఒకదాన్ని చంపుకోవాలి. అలాగే ఉండనీ. గొట్టం వెనక నుంచి శుభ్రం చేసుకోవచ్చు, కాల్చే మీట భాగం కింద నుంచి ఊడుతుంది. ఎలా కాలుతుందో నేను చెప్పలేను. నలభై ఏళ్లుగా నేను ఏ రైఫిల్ కట్టినా, మళ్లీ విప్పడానికి వీలుగానే కట్టాను. విప్పలేని దాన్ని ఎప్పుడూ చూడలేదు.

తప్పులో నాకూ వాటా ఉంది. మీ మంచు ఎలాంటిదో ఆలోచించకుండా మా మైనం చెప్పాను.

నువ్వు ఎంపిక పోగొట్టుకోకూడదు. నా రైఫిల్ పంపుతున్నాను, ఈ ఉత్తరం వెనకే వస్తుంది. బరువు గొట్టం, మసి పూసి గీకి వేసిన పరుపు. స్క్రూలు ఎలా బిగించాలో నీకు తెలుసు, చిన్నప్పుడు చూశావు. కాల్చే ముందు ప్రతిసారీ చూసుకో. తిరిగి పంపనక్కర్లేదు. నాకు దానితో పని లేదు. ఇంట్లో గోడకు ఉంటే ఊరికే కళ్లబడుతుంది.

గెలిచి రా.

అస్లాక్

*

బో
మే

అన్నయ్యా,

నీ రైఫిల్ వచ్చి చాలా రోజులైంది. వెంటనే రాయకపోవడానికి కారణం ఉంది. ముందు రెండింటినీ కాల్చి చూడాలనుకున్నాను. "తిరిగి పంపనక్కర్లేదు" అన్న ముక్క మళ్లీ మళ్లీ చదివాను. అది రైఫిల్ అరువిచ్చిన మనిషి రాసే మాట కాదు, కాల్చడమే మానేసిన మనిషి రాసే మాట. గోడ మీద మేకు కూడా పీకేసి ఉంటావు, నాకు తెలుసు.

నీ రైఫిల్ గురించి చెప్పేదేముంది! పెళ్లిపెద్దలా ఉంటుంది, దేనికీ తొణకదు. కానీ దానికి సేవ చెయ్యాలి. రోజూ పొద్దున ముందు స్క్రూ, వెనక స్క్రూ, ఒక వెంట్రుక వదులు. తప్పు చేస్తే మొహం చాటేస్తుంది. రెండు వారాలు పట్టింది నా వేళ్లకు ఆ వెంట్రుక దొరకడానికి.

తర్వాత మంచి ముసురు పట్టిన రోజు చూసుకుని నా ముద్దను తీసుకెళ్లాను. గాలివాన అడ్డంగా కొడుతోంది. లక్ష్యం దగ్గర గోతిలో దెబ్బలు చూపించడానికి యెంతోఫ్ కూర్చున్నాడు. నేను కాలుస్తూ పోయాను. అతను పలక ఊపుతూ పోయాడు. అయ్యాక తడిసి ముద్దయి పైకి వచ్చి, కాగితం నా ఒళ్లో పడేశాడు. "ఏమే, చెప్పకుండా కొత్త రైఫిల్ గానీ కొన్నావా?" అన్నాడు. దెబ్బలన్నీ ఒక కాఫీ గిన్నె అడుగున పట్టేట్టు పడ్డాయి. నిచ్చెన లేదు. తడికి ఉబ్బడానికి సందు లేదు, ఒళ్లు విరవడానికి చోటు లేదు. విడిగా పోలేని ఉక్కూ కొయ్యా ఒకే మాట మీద ఉన్నాయి.

ఇంటికొచ్చి తుడుస్తూ, అలవాటుగా స్క్రూడ్రైవర్ తీసుకుని స్క్రూలు తాకబోయి ఆగాను. దేనికి బిగించాలి? అవి లేకపోయినా అది కదలదు. ఉత్త అలంకారం. అప్పుడు తట్టింది నాకు. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని నవ్వానో ఏడ్చానో తెలియలేదు.

అన్నయ్యా, ఇందులో తిప్పడానికి ఏమీ లేదు. నువ్వు ఎవరి చేతికీ ఇవ్వనక్కర్లేదు, ఎవరూ వెలుతురు గురించి మాట్లాడనక్కర్లేదు. ఇక వణుకంటావా. మొదటి పోటీలో భయంతో నా చేతులు ఊగుతుంటే నువ్వు నా తేలిక రైఫిల్ లాక్కుని నీ బరువుది ఇచ్చావు. "వణికే చేతికి తేలికది ఇస్తే అదీ వణుకుతుందే పిచ్చిదానా, బరువు పెట్టు, బరువే పట్టుకుంటది నిన్ను" అన్నావు. ఆ మాట నేను మరిచిపోలేదు, అన్న నువ్వు మరిచిపోయావు. రైఫిల్ తోలు పట్టీ చేతికి బిగించి, నేల మీద పడుకుని, ఇసుక సంచి మీద ముంజెయ్యి ఆనించుకుని కాల్చు. ముసలాళ్లకు ఇసుక సంచి ఒప్పుకుంటారు. నువ్వు ముసలాడివి కావా?

అందుకే ముద్దను నీకు పంపుతున్నాను. అది నీ రైఫిల్. ఇలాంటిది నీ చేతులతో ఎప్పటికీ చేసి ఉండవు, ఇలా చెడగొట్టడానికి నా అంత తెలివితక్కువది కావాల్సి వచ్చింది.

ఒక నిజం కూడా చెప్పేస్తాను. అక్టోబరులో నేను రైఫిల్ పంపింది దాని రోగం కోసం ఒక్కటే కాదు. బల్ల మీద పని పడితే లేస్తావని ఎర వేశాను. చేప పెట్టెలో వచ్చిన ఎర, నీకు వాసన తగల్లేదు కాబోలు.

నీ రైఫిల్ నా దగ్గర బందీ. దాంతోనే జూన్‌లో కాలుస్తాను. నువ్వు మీ మైదానంలో పడుకుని కాల్చిన కాగితం నాకు చేరే దాకా దాన్ని తిరిగి చూడవు. దెబ్బలు ఎక్కడ పడ్డాయన్నది నాకు అక్కర్లేదు. కాగితానికి చిల్లులు ఉంటే చాలు.

సున్నివ

*

రౌలాన్
జూన్

సున్నీ,

చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి గీసినట్టున్నాయి. ఓపిగ్గా చదువుకో. టైపు యంత్రాన్ని గున్‌లైక్ కొట్టుకు ఇచ్చేశాను. బిల్లులు కొట్టుకుంటాడట.

ఎంపికయ్యావని తంతి వచ్చింది. నాకు ఆశ్చర్యం లేదు, సంతోషం మాత్రం ఇంత అని చెప్పలేను. ఆగస్టులో మా గుడారంలోనే భోజనం. జున్ను నేను తెస్తాను, చేపలు యెంతోఫ్‌ను తేవొద్దని చెప్పు.

నీ పెట్టె వచ్చాక నాలుగు రోజులు తెరవలేదు. కోపం వచ్చింది నీ మీద. చెల్లెలికి నా మీద ఇంత అధికారం ఏమిటని. ఐదో రోజు తెరిచాను. భుజానికి ఆనించి చూశాను. కొయ్య నాకు పొట్టి, వెనక తోలు అట్ట మేకులు కొట్టి కట్టాను. మేకులు కొట్టడంలో వేలు నలగ్గొట్టుకున్నాను. ఆ నొప్పి కూడా పాత నేస్తంలా అనిపించింది.

ఆదివారం మైదానానికి వెళ్లాను. నన్ను చూసి అందరూ మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చారు. గున్‌లైక్ వచ్చి ముక్కు ఎగబీల్చి, "అస్లాకూ, నీ రైఫిల్లో ఏదో చచ్చింది" అన్నాడు. "వెస్టెరోలెన్ కాడ్ చేప" అన్నాను. అప్పుడు నవ్వారు. ఏడాదిగా నేను భయపడింది ఆ నవ్వుకు కాదు సున్నీ, అది లేకపోవడానికి.

వాళ్ల రైఫిళ్లు వరసగా బల్ల మీద ఉన్నాయి. ఎవరూ నన్ను అడగలేదు. నేనే అన్నాను, స్క్రూడ్రైవర్ నువ్వు పట్టుకో గున్‌లైక్, మణికట్టు మీద నా చెయ్యి ఉంటుంది. "ఊపేస్తావేమోరా" అన్నాడు. ఊపితే ఊపుతాను, తిప్పేది నువ్వు, ఎక్కడ ఆపాలో నేను చెప్తా అన్నాను. ఆ వెంట్రుక నా వేళ్లలో ఇంకా ఉంది. వేళ్లు వణుకుతుంటే దాన్ని చూడలేకపోయాను, అంతే. ముందు నీ చేతిరాత బాగుచేసుకో అని వాడు అన్నాడు, ఎందుకంటే హాజరు పట్టీలో నా పేరు వాడికి చదవడం రాలేదు.

తర్వాత నేను పడుకున్నాను. తోలు పట్టీ చేతికి బిగించాను. నీ ముద్ద బరువు ఎడమ చేతి మీద పడింది, ఇసుక సంచి మీద పడింది, నేల మీద పడింది. చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది, కానీ ఆ గొట్టం దాన్ని లెక్క చెయ్యలేదు. వాన చినుకులు మొదలయ్యాయి. స్క్రూలు చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. నల్ల గుండ్రం కనిపించింది, దాన్ని చూస్తూ ఉండిపోయాను. సున్నీ, నాకు ఎంత హాయి అనిపించిందో నీకు తప్ప ఎవరికి చెప్పను?

కాగితం ఇందులో పెట్టాను. నా రైఫిల్‌ను చెర నుంచి వదలనక్కర్లేదు, నీ దగ్గరే ఉంచుకో. నాకు ఇది ఉంది.

దెబ్బలు చూడొద్దన్నావు, చూడు. పదిలో తొమ్మిది గుండ్రం లోపల ఉన్నాయి. ఒకటి ఎడమ పక్క అంచుకు పోయింది. అది మద్దెల తప్పు కాదు, నేనే సరిగ్గా ఆడలేదు.

నీ అన్న
అస్లాక్